‘ఏమండీ’ వినబడని వేళ

మా యింట్లో సంభాషణకూ ఆజ్ఞకూ మధ్య ఒక సరిహద్దు వుంది. దాని పేరు ‘ఏమండీ’. వంటింట్లోనుంచి మా ఆవిడ ఎన్ని మాటలైనా ఆడవచ్చు. అవన్నీ పక్కింటి పిన్నిగారితో కాబోలునని నేను నిశ్చింతగా పేపరు చదువుకుంటాను. ‘ఏమండీ’ చెవిన పడిందా, తరువాత వచ్చేది వినే మాట కాదు, చేసే పని.

మొన్న ఆదివారం కుక్కరు కూతలో ఆ ఒక్క మాటా కొట్టుకుపోయింది. ‘పాలు దింపండి’ అన్నది స్పష్టంగానే వినిపించింది. ఎవరినో అంటున్నదనుకున్నాను. పాలు పొయ్యి పాలయ్యాయి. తరువాత నేను విన్నవి యిక్కడ రాయను.

ఆ మాడు వాసనకు నాకు 1988వ సంవత్సరం జ్ఞాపకం వచ్చింది. అప్పుడు నేనొక చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగిని. బాయిలరు దగ్గర ఆపరేటరు చూసుకునేందుకు ఒక టెర్మినల్ పెట్టాము. అది స్వంత బుర్ర లేని తెర. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఎక్కడో గదిలోని కంప్యూటరు తీగవెంట ఒక్కొక్క అక్షరమే పంపుతుంది; యిది వచ్చింది వచ్చినట్టు చూపుతుంది.

మరి ‘తెర తుడువు’, ‘అయిదో వరుసకు పో’ అని చెప్పడమెలా? అవీ ఆ తీగమీదే, ఆ అక్షరాలతోనే పోవాలి గదా! అందుకని ఒక సంకేతాన్ని ‘ఏమండీ’గా నియమించారు. దానిపేరు ఎస్కేప్, ఆస్కీ పట్టికలో దాని అంకె 27. 1960లో బాబ్ బెమర్ అనే అమెరికన్ యీ ఉపాయం ప్రతిపాదించాడు. ఎస్కేప్ వెనకనే చదరపు బ్రాకెట్టు, 2, పెద్ద జె పంపితే తెర తుడుచుకుంటుంది. 1978లో వచ్చిన వీటీ-100 టెర్మినల్‌తో యీ భాష బాగా వ్యాపించింది; నేటి కంప్యూటర్లలోని టెర్మినల్ కిటికీలకు కూడా యిదే తెలుసు.

ప్రోగ్రాం రాసింది నేనే. బాయిలరులో నీటిమట్టం ‘సరి’ నుంచి ‘తక్కువ’కు మారితే, ఆ మార్పును ఒక్కసారి పంపితే చాలుననుకున్నాను. ఒక రాత్రి నీరు తగ్గింది. మోటార్ల తీగల పక్కనుంచి వస్తున్న మా తీగలో ఎస్కేప్ ఒక్కటీ చెడిపోయింది. ‘అయిదో వరుసకు పో’ అన్న ఆజ్ఞ ఆజ్ఞగా కాక, బ్రాకెట్టూ అంకెలుగా తెర అడుగున అచ్చయింది. దాని వెనకనే ‘తక్కువ’. అయిదో వరుసలో మాత్రం ‘సరి’ అనే వుంది!

ప్రమాదపు గంట మోగే మట్టానికి నీరింకా దిగలేదు. అక్కడున్న పెద్దాయన అలవాటుగా లేచి, బాయిలరు గాజుగొట్టం చూచి, పంపు వేశాడు. తెల్లవారి నేను సిగ్గుపడుతూ వెళితే, ‘‘మీ తెర మాట సరే బాబుగారూ, గొట్టంలో నీళ్లు నా కళ్లతో చూస్తేగాని నాకు కునుకు పట్టదు’’ అన్నాడు.

నిన్నటి క్షేమసమాచారాన్ని యివాళ్టిదిగా చూపే తెరకంటే ఆరిపోయిన తెరే నయమని ఆనాడు తెలిసింది. తీగను మోటార్లకు దూరంగా జరిపించాను. తెరనంతా కొద్ది సెకండ్లకొకసారి తిరిగి రాయించాను. మూలన సెకండ్లు తిరిగే గడియారం పెట్టి, అది ఆగితే తెరను నమ్మవద్దన్నాను. ఎస్కేప్, బ్రాకెట్టు, 5, చిన్న ఎన్ పంపితే టెర్మినల్ ‘కులాసా’ అని బదులిస్తుంది. ఆ బదులు రాకపోతే కంప్యూటరు గదిలో గంట మోగేటట్లు చేశాను.

ఆదివారం నుంచి మా యింట్లోనూ యిదే పద్ధతి. నేను ‘ఊఁ’ కొట్టేదాకా మా ఆవిడ అసలు సంగతి చెప్పదు; ‘ఏమండీ’ అంటూనే వుంటుంది.