కంప్యూటర్ శిక్షణలో విస్మరణకు గురవుతున్న అంశం – ఆత్మవిశ్వాసం

వ్యవసాయ విస్తరణ సిబ్బందికి కంప్యూటర్ శిక్షణ ముగిసిన రోజున పరీక్ష నిర్వహించి, వచ్చిన మార్కులనే శిక్షణ ఫలితంగా నమోదు చేయడం పరిపాటి. అయితే మంచి మార్కులు పొందిన అధికారి కార్యాలయానికి తిరిగి వెళ్లిన తరువాత పట్టికల పనిని తనకన్నా చిన్నవారికి అప్పగించడమూ అంతే పరిపాటి. లోపం జ్ఞానంలో లేదు. ఆ పని తాను చేయగలనన్న నమ్మకంలో ఉంది.

ఈ నమ్మకాన్నే ఆల్బర్ట్ బాండూరా 1977లో స్వీయ సామర్థ్య విశ్వాసంగా ప్రతిపాదించారు. ఇది సాధారణ ధైర్యం కాదు. పనిని బట్టి మారుతుంది. వరి దుబ్బులు తట్టి సుడిదోమ ఉధృతిని అంచనా వేయగల అధికారి స్ప్రెడ్‌షీట్ ముందు వెనుకాడవచ్చు. రోజంతా సెల్‌ఫోన్ వాడే విద్యార్థి గణాంక సాఫ్ట్‌వేర్ ముందు తడబడవచ్చు. కనుక వయసును నిందించి ఊరుకోవడం తొందరపాటే. 1995లో కాంపో, హిగిన్స్ ప్రచురించిన పది అంశాల కొలమానం, చెప్పేవారు పక్కన లేకపోయినా, మాన్యువల్ మాత్రమే ఉన్నా పని పూర్తి చేయగలరా అని ప్రశ్నించి, విశ్వాసాన్ని 1 నుండి 10 వరకు కొలుస్తుంది.

స్వయంగా సాధించిన విజయమే ఈ విశ్వాసానికి బలమైన ఆధారమని బాండూరా అభిప్రాయం. మన శిక్షణల్లో జరిగేది వేరు. అభ్యాసకుడు ఆగిన చోట శిక్షకుడు మౌస్ అందుకుంటాడు. పని త్వరగా పూర్తవుతుంది. అది ఇతరులకే సాధ్యమన్న భావన అభ్యాసకునిలో స్థిరపడుతుంది. "ఇది చాలా తేలిక" అనే మాట మరింత హాని చేస్తుంది. తేలికైన పని కూడా చేతకాలేదంటే లోపం తనదేనని విన్నవారు నిర్ణయించుకుంటారు. దానికి బదులు, సొంత మండలపు వర్షపాత వివరాలను నమోదు చేయించి సగటు తీయించాలి. చేసిన మార్పును రద్దు చేసే పద్ధతిని మొదటి గంటలోనే నేర్పాలి. ఏదో నొక్కితే అంతా చెడిపోతుందన్న భయం సగం దానితోనే తీరుతుంది. చేయి తిరిగిన యువ శిక్షకుని కంటే, ఇటీవలే నేర్చుకున్న సమవయస్కుని ప్రదర్శన ఎక్కువ పని చేస్తుంది.

నైపుణ్యం లేని విశ్వాసమూ ప్రమాదకరమే. ఈ-పంటలో సర్వే నంబరు తప్పుగా నమోదైతే కొనుగోలు కేంద్రం వద్ద ఇబ్బంది పడేది రైతు. అందుచేత నైపుణ్యాన్నీ విశ్వాసాన్నీ విడివిడిగా కొలవాలి. విస్తరణ విద్యార్థులు తమ పరిశోధనల్లో శిక్షణకు ముందు, వెంటనే తరువాత మాత్రమే గాక, మూడు నెలలకు అభ్యాసకుని కార్యాలయంలోనే మరొకసారి ఈ కొలత తీసుకోవడం అవసరం.