అక్షరాలు అవే, పలుకు వేరు

జర్మనీలో ఉద్యోగం కోసం క్లాసుల్లో చేరిన ఫ్రెండ్స్ నెల తిరక్కుండానే మానేస్తామంటున్నారు. 'ఆ స్పెల్లింగులకి నోరు తిరగట్లేదు' అని గోల. నిజానికి అడ్డొచ్చేది మన ఇంగ్లీషు అలవాటే. ఫోక్స్‌వాగన్ పేరే చూడండి. మొదట్లో ఉన్న 'వి'ని 'ఫ' అని, మధ్యలో డబ్ల్యూని 'వ' అని పలుకుతారు. 'ఐ' తర్వాత 'ఈ' వస్తే 'ఈ' అనాలి. వీన్ అంటే వియన్నా నగరం. అవి తారుమారైతే 'ఐ' అనాలి. వైన్ అంటే మనకి తెలిసిన వైనే! రెండో అక్షరం ఇంగ్లీషు పేరు గుర్తుంటే చాలు.

ఇంగ్లీషులో 'పుట్', 'బట్' బట్టీ పట్టాల్సిందే. జర్మన్‌లో కొద్ది రూల్స్ వస్తే కొత్త మాటనైనా చాలావరకు చూసి చదివేయొచ్చు. విని రాయడమే కష్టం. చక్రాన్నీ, సలహానీ కూడా 'రాట్' అనే అంటారు. రాతలో మాత్రం ఒకదాని చివర 'డి', ఇంకోదాని చివర 'టి'. అందుకే ముందు గట్టిగా చదవండి, డిక్టేషన్ సంగతి తర్వాత చూద్దాం.