మంద ఎవరిది? మైకు ఎవరిది?

తిరుపతిలో 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కావచ్చు, రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్‌లో వెలసిన పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కావచ్చు. శాస్త్రీయ సదస్సు జరిగితే వేదికపై గొర్రె బొమ్మ తప్పక ఉంటుంది. గొర్రెను పెంచిన కులానికి మాత్రం అక్కడ కుర్చీ ఉండదు.

నల్ల ఉన్ని దక్కనీ గొర్రెను కరువు నేలకు తట్టుకునేలా తెలంగాణలో తరతరాలుగా పోషించినవారు కురుమలు. ఏ పొట్టేలును మందలో ఉంచాలో, దేనిని అమ్మివేయాలో తేల్చే ఆ విజ్ఞతను మనం 'స్థానిక జాతి' అన్న రెండు మాటలలో ముగించేశాం. పెంపకందారు పేరు అందులో లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చిన ఆ జీవాలలో గొంగడి నేతకు పనికివచ్చే ఉన్ని ఎన్నింటికి ఉంది? కాపరిని అడిగితే చూసిన క్షణంలోనే చెప్పేవాడు. కానీ అతడు లబ్ధిదారు. లబ్ధిదారును సలహా అడిగే ఆచారం మనకు లేదు.

దొమ్మ రోగంతో చచ్చిన పశువును కోయరాదని శాస్త్రం హెచ్చరిస్తుంది. సరే, ఊళ్లో చచ్చిన గొడ్డును ఈడ్చే పనిని కులం మాదిగల మీద మోపిందే, ఆ చేతులకు తొడుగులు ఎవరిచ్చారు? 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నందుకు దళిత యువకులను కొట్టారు. కళేబరం నుంచి మనిషికి సోకే వ్యాధుల గురించి చర్చించే సభలో వారి అనుభవం సాక్ష్యంగానైనా నమోదు కావాలి. కాపరులకూ తోలు పనివారికీ ప్రయాణ ఖర్చులు, రోజు కూలీ చెల్లించి, తెలుగులో ఒక పూట కేటాయించమని విద్యార్థి సంఘాలు ముందుగానే వైస్ చాన్సలర్లను అడగాలి.