కొలవని ఎర్తింగుకు సంతకం వద్దు

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక డాబాల మీద సోలార్ పలకలు పెరుగుతున్నాయి. సంతోషమే. కానీ ఎర్తింగ్ సంగతి ఎందరు అడుగుతున్నారు?

మెయిన్ స్విచ్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు పలకల తీగల్లో వోల్టేజి ఉంటుంది. తీగ తొడుగు చిట్లితే అది ఇనుప ఫ్రేముకెక్కుతుంది. ఆ పక్కనే మనం బట్టలు ఆరేస్తాం.

మన పహాడీ షరీఫ్‌ది రాతినేల. రాయి కరెంటును సులువుగా భూమిలోకి పోనివ్వదు. రెండడుగుల గుంతలో కడ్డీ పాతి "అయిపోయింది" అంటే చాలదు. లోతుగా తవ్వాలి, బొగ్గు, ఉప్పు నింపాలి, ఐఎస్ 3043 చెప్పినట్టు మీటరుతో కొలవాలి. సోలార్ పనుల్లో సాధారణంగా 5 ఓములు దాటనివ్వరు.

ఐటీఐ చదివే తమ్ముళ్లూ, రేపు ఆ కాగితం మీద సంతకం మీదే. కొలవకుండా పెట్టకండి.