సినిమాలో కనిపించని రిస్పా

మేము సినిమా పండితులం కాము. తీరిక దొరికితే చూస్తాం, నచ్చితే నలుగురికీ చెబుతాం. ఈ మధ్య కొన్ని ఆదివారాలు ఆరాధన ముగిసి, భోజనాలయ్యాక ఇంట్లో కూర్చుని వరుసగా రాయలసీమ సినిమాలు చూశాం. విశ్వాసి సినిమా చూడవచ్చా అని అడిగే సోదరులున్నారు. ఆ చర్చ మరోసారి చేద్దాం. చూశాక మనసులో ఏం మిగిలిందన్నదే ఇప్పటి మాట.

1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి'తో మొదలుపెట్టాం. ఆ తర్వాత 2001 నాటి 'నరసింహనాయుడు', 2002 నాటి 'ఆది', 'ఇంద్ర'. వాటిలో సీమ అంటే వేటకొడవళ్ళు, నాటుబాంబులు, దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలు. పశ్చిమ కనుమల చాటున ఉండడం వల్ల ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ అనంతపురం నేల, ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే ఎండిపోయే వేరుశనగ చేను, మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కే కుటుంబం మాత్రం వెదికినా కనబడవు. చదువుల కోసం హైదరాబాదు వెళ్ళిన మన పిల్లలను తోటివాళ్ళు "మీ ఇళ్ళల్లో బాంబులుంటాయా?" అని అడుగుతారు. పాపం, నవ్వి ఊరుకుంటారు. 'ఇంద్ర'లో కథానాయకుడు కాశీలో శంకర్ నారాయణ అనే పేరుతో టాక్సీ నడుపుకుంటూ నెమ్మదిగా బతికే భాగమే మాకు నచ్చింది. కానీ హాలంతా ఎదురుచూసేది ఆ నెమ్మది ఎప్పుడు చెదురుతుందా అనే.

ఇది తెలుగు సినిమా కనిపెట్టిన సంగతి కాదు. పరిశుద్ధ గ్రంథంలో లెమెకు అనే మనిషి ఉన్నాడు (ఆదికాండము 4:23, 24). ఇద్దరు భార్యలనూ పిలిచి, తనను గాయపరచిన వాణ్ణి చంపేశానని, కయీను కోసం పగ ఏడంతలైతే తన కోసం డెబ్బై ఏడంతలని గొప్పలు పోతాడు. అచ్చంగా ఫ్యాక్షన్ సినిమా డైలాగే. ఆ మాటలు విన్న ఆదా, సిల్లా ఏమన్నారో గ్రంథంలో లేదు. పేతురు వచ్చి ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడిగినప్పుడు, ప్రభువు లెమెకు లెక్కనే తీసుకుని క్షమాపణ వైపు తిప్పేశాడు (మత్తయి 18:21, 22).

ఆదా, సిల్లాలకు కాస్త నోరిచ్చిన సినిమాగా మాకు కనిపించింది 2018లో త్రివిక్రమ్ తీసిన 'అరవింద సమేత వీర రాఘవ'. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు కత్తి పట్టాక నాయనమ్మ మాట విని ఆగుతాడు. అందులో భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి పాట ఉంది, శవం దగ్గర ఏడ్పు పాట ఉంది. చివర్లో ప్రతినాయకుడి భార్యను, ఈశ్వరీరావు వేసిన పాత్రను, ఎన్నికల్లో నిలబెడతారు. ఆ ఆలోచనకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. అయితే కత్తి దించమని చెప్పడానికి అంత నెత్తురు చూపించాలా? మా ఇంట్లోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదు.

2010లో వచ్చిన రాజమౌళి 'మర్యాద రామన్న' మాత్రం అందరం హాయిగా చూశాం. పగబట్టిన ఇంటికే తెలియక అతిథిగా వెళ్తాడు సునీల్. గడప లోపల ఉన్నంతసేపు చంపరు, దాటితే వదలరు. మోషే ధర్మశాస్త్రంలోని ఆశ్రయ పురాలు గుర్తొచ్చాయి (సంఖ్యాకాండము 35). పొరపాటున ప్రాణం తీసినవాడు ఆ ఆరు పట్టణాల్లో ఒకదానికి పారిపోతే, పగ తీర్చుకునేవాడు పొలిమేర దగ్గరే ఆగాలి. ప్రధాన యాజకుడు మరణించే దాకా వాడు బయట అడుగు పెట్టకూడదు, ఆ తర్వాత స్వేచ్ఛగా ఇంటికి పోవచ్చు. ఆ యాజకుని మరణం క్రైస్తవునికి ఎవరిని గుర్తుచేస్తుందో చెప్పనక్కర్లేదు కదా! అన్నట్టు, 1957లో 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రిలోనే పుట్టారు. కురుపాండవుల కథను యుద్ధం లేకుండా, విందుతో, నవ్వుతో నడిపిన మనిషి సీమవాడే.

రామ్‌గోపాల్ వర్మ 'రక్తచరిత్ర' సగంలో ఆపేశాం. 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురైన పరిటాల రవి జీవితం ఆధారంగా 2010లో తీసిన సినిమా అది. బాగా తీయలేదని కాదు. ఈ కక్షల్లో అన్ని వైపులా పోయినవారి తల్లులు, భార్యలు ఇంకా మన ఊళ్ళల్లోనే ఉన్నారు. వారి ఇంటి చావు మన మధ్యాహ్నపు కాలక్షేపం కావడం మింగుడుపడలేదు. రెండో భాగం అలాగే ఉండిపోయింది.

టీవీ కట్టేశాక మేము తెరిచింది 2 సమూయేలు 21వ అధ్యాయం. ప్రసంగాల్లో ఎక్కువగా వినబడని కఠినమైన అధ్యాయం. దావీదు రోజుల్లో మూడేళ్ళు వరుసగా కరువు. సౌలు గిబియోనీయులను చంపిన నెత్తురు దోషమే కారణమని తెలిసింది. దానికి బదులుగా సౌలు వంశంలో ఏడుగురిని కొండమీద ఉరితీశారు. మన కరువుకు కూడా అలాంటి దోషమేదో ఉందని మేము అనడం లేదు. ఇక్కడి కరువు ఇక్కడి మబ్బుల దారిని బట్టి వచ్చింది. చెప్పదలచింది ఆ ఏడుగురి దగ్గర మిగిలిన ఆడమనిషి గురించి.

ఆమె పేరు రిస్పా. గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకుని కూర్చుంది. పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను శవాల మీదికి రానివ్వలేదు. యవలకోత మొదలైన నాటి నుంచి ఆకాశం నుంచి వాన పడేదాకా అక్కడే ఉంది. ఎన్నాళ్ళో గ్రంథం చెప్పదు. యవలు కోసేది వేసవి ముంగిట్లో. గుత్తి కొండ, పెనుకొండ బండలు ఆ రోజుల్లో ఎలా కాగుతాయో మనకు తెలుసు. ఆ ఏడుగురిలో ఆమె కన్నవారు ఇద్దరే. కాపలా కాసింది ఏడుగురికీ.

ఆమె నోట ఒక్క మాట కూడా రాయబడలేదు. ఆమె చేసింది దావీదు చెవిన పడింది. అప్పుడు రాజు కదిలి, ఎప్పుడో చనిపోయిన సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించాడు, ఉరితీసిన వారి ఎముకలు ఏరించాడు, గౌరవంగా పాతిపెట్టించాడు. దేశం కోసం చేసిన ప్రార్థనను దేవుడు ఆలకించింది ఆ తర్వాతే.

ఏ దర్శకుడైనా ఆ బండ దగ్గర కెమెరా పెడితే, మొదటి రోజే టికెట్టు కొనడానికి మేము సిద్ధం.