నీడని చూసి క్లిక్కు, వెలుగుని చూసి కడుగు

ఈమధ్య మన ఐటీ జనాలకి మళ్ళీ ఫిల్మ్ కెమెరాల మోజు పట్టుకుంది. సంతోషమే. కానీ "ఎక్స్‌పోజర్ తగ్గించి తియ్, నీడల సంగతి తర్వాత చూస్కోవచ్చు" అనే డిజిటల్ అలవాటూ వెంట వస్తోంది. నలుపు తెలుపు ఫిల్మ్ దగ్గర ఆ పప్పులుడకవు.

కారణం సింపుల్. నీడల్లో వివరం ఎంతుండాలో క్లిక్కుమన్నప్పుడే తేలిపోతుంది. అక్కడ వెలుతురు పడకపోతే రీలు ఎంతసేపు కడిగినా రాదు. డెవలపర్లో ఉంచే టైము ముఖ్యంగా మార్చేది వెలుగు భాగాల్నే. పెంచితే కాంట్రాస్ట్ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ సిస్టమ్ సారాంశం ఇదే.

మరి చెయ్యాల్సిందేంటి? వివరం కావాల్సిన నీడని మీటర్‌తో కొలవండి. మీటర్ దాన్ని మధ్యరకం బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి రెండు స్టాపులు తగ్గించి తియ్యండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన రీలైతే కడిగే టైములో ఓ 20 శాతం కోసెయ్యండి. మబ్బుపట్టి చప్పగా ఉన్నరోజు తీసిందైతే అంతే పెంచి చూడండి. 36 ఫ్రేములూ ఒకేసారి కడుగుతాం కనక, రీలంతా ఒకేరకం వెలుతుర్లో తీస్తే మేలు. ఇంకోటి, డెవలపర్ టైములు సాధారణంగా 20 డిగ్రీలకి ఇస్తారు. మే నెలలో మన ట్యాంకు నీళ్ళతో అదే టైము వాడితే అక్కర్లేని కాంట్రాస్ట్ ఫ్రీగా వస్తుంది!

"పుష్ చేస్తే ఫిల్మ్ స్పీడు పెరుగుతుందిగా" అంటారా? 400 ఫిల్మ్‌ని 1600 అనుకుని తీస్తే నీడలకి రెండు స్టాపుల వెలుతురు తగ్గినట్టే. పెరిగేది చాలావరకు కాంట్రాస్టే.

రిక్వైర్‌మెంట్స్‌లో వదిలేసినదాన్ని టెస్టింగులో పుట్టించలేం కదా. ఇదీ అంతే. ఏమంటారు?