ఎంతమందిని అడిగామో కూడా చెప్పాలి

ఇప్పుడు ప్రాజెక్టు అనగానే విద్యార్థులు ముందు గూగుల్ ఫారం తయారుచేస్తున్నారు. లింకును వాట్సాప్‌లో పంపితే సాయంత్రానికి జవాబులు, వాటితోపాటు రంగురంగుల చార్టులు వచ్చేస్తాయి. ‘80 శాతం మంది రాత్రి 11 దాకా ఫోన్ చూస్తున్నారు’ అని ఒక వాక్యం రాస్తే ప్రాజెక్టు పూర్తయినట్టే. ఆ లింకు ఎంతమందికి చేరింది, ఎంతమంది చివరిదాకా నింపారు అన్నవి మాత్రం ఎక్కడా కనిపించవు. ఆ లెక్కలు లేని శాతాన్ని నమ్మకూడదని నా అభిప్రాయం.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే సెగ మీద ఉడికాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో జవాబిచ్చేవారు అలా కాదు. చేతిలో ఫోన్, తీరిక, ఆ విషయంపై ఆసక్తి ఉన్నవారే ఎక్కువగా స్పందిస్తారు. ఒకరే రెండుసార్లు నింపే వీలూ ఉంది.

ఈ చిక్కును గమనించి గుంథర్ ఐసెన్‌బాఖ్ అనే పరిశోధకుడు 2004లోనే ‘చెర్రీస్’ అనే తనిఖీ పట్టికను ప్రచురించారు. సర్వే అందరికీ తెరిచి ఉంచారా, కొందరికే పంపారా? సమ్మతి ఎలా తీసుకున్నారు? బహుమతి ఏమైనా ఇచ్చారా? ఒకే వ్యక్తి మళ్లీ నింపకుండా ఏం చేశారు? మొదలుపెట్టినవారిలో ఎందరు పూర్తిచేశారు? ఇవన్నీ నివేదికలో రాయాలని అది చెబుతుంది. ఇవి రాసినంత మాత్రాన సర్వే గొప్పది అయిపోదు. దాన్ని ఎంతవరకు నమ్మాలో పాఠకుడు తేల్చుకోగలుగుతాడు.

పాఠకుడికి చెబితే సరిపోదు, పాల్గొన్నవారికీ చెప్పాలి. 2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారంపాటు 6,89,003 మంది వాడుకదారులపై ఒక ప్రయోగం చేసింది. కొందరికి సంతోషపు పోస్టులు, మరికొందరికి విచారపు పోస్టులు తగ్గించి చూపి, వారు రాసే మాటలు మారుతున్నాయేమో లెక్కించారు. కనిపించిన తేడా చాలా స్వల్పం. 2014లో వ్యాసం వెలువడినప్పుడు సంఖ్యలన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ మనుషులను విడిగా ఎవరూ అడగలేదు. వాడుక నియమాలకు ఒప్పుకోవడాన్నే సమ్మతిగా లెక్కించారు. ఆ విషయంపై విమర్శలు చెలరేగాయి. వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే తన ఆందోళనను తెలుపుతూ ప్రకటన ఇచ్చింది.

ముందే రాసిపెట్టడం మరో మంచి పద్ధతి. మన దేశంలో మందులపై జరిగే ప్రయోగాలను మొదలుపెట్టకముందే ‘సీటీఆర్ఐ’లో నమోదు చేయాలన్న నియమం 2009 నుంచి ఉంది. ఏం కొలవబోతున్నామో ముందే నమోదైతే, ఫలితం చూసుకుని ప్రశ్నను మార్చేస్తే దొరికిపోతాం.

‘బడి ప్రాజెక్టుకు ఇంత అవసరమా?’ అని కొందరు అడగవచ్చు. అలవాటు పడేది బడిలోనే కదా! ‘40 మందికి పంపాను, 12 మందే జవాబిచ్చారు’ అని నిజం రాసిన విద్యార్థికి మార్కులు తగ్గి, ఆ సంగతి దాచి అందమైన చార్టు పెట్టినవారికి పెరిగితే, దాచడమే మేలని మనమే నేర్పినట్టు. కాబట్టి ఉపాధ్యాయులు ఆ నిజానికి కూడా మార్కులు కేటాయించాలి.

విద్యార్థులారా, మీ తదుపరి ప్రాజెక్టు చివర నాలుగు సంగతులు చేర్చండి: ఎవరిని అడిగారు, ఎలా ఒప్పించారు, ఎంతమంది జవాబిచ్చారు, ఏ జవాబులను ఎందుకు తీసేశారు. దీనికి అర పేజీ చాలు.